లింబాని వాళ్లమ్మ, మా ఆఫీసు గుమ్మం

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇప్పుడు కూడా లేదు. మా తాత లక్సెట్టిపేట మిషన్ బడిలో పంతులు. పిల్లలెవరైనా దయ్యం మాట ఎత్తితే ముందు బెత్తం తీసేవాడు, తర్వాత మోకాళ్ల మీద ప్రార్థన చేయించేవాడు. ఆ రెండింటికీ భయపడి మా ఇంటివైపు దయ్యాలు రాలేదు. వాడలో ఎవరికైనా గాలి సోకిందని తెలిస్తే మేం కిటికీలోంచి చూసి నవ్వుకునేవాళ్లం. అంత గీర మాది.

కాబట్టి ఇది దయ్యం సంగతి అని నేను అనడం లేదు. నేను విన్నది, నాతో పాటు ఇంకొకరు విన్నది, కాగితం మీద కళ్లారా చూసింది మాత్రమే చెబుతాను. అందులో నా తప్పు కూడా ఉంది. అది దాచిపెడితే మిగతాది ఎవరికీ అర్థం కాదు.

నేను పెద్దపల్లి బయట ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో ఆఫీసు సూపరింటెండెంటుని. కాలేజీ పేరు చెప్పను, ఇంకా అక్కడే పని చేస్తున్నాను. కొన్నేళ్ల కింద మా మేనేజ్‌మెంటుకు విదేశీ విద్యార్థులను తేవాలన్న సరదా పుట్టింది. ఆఫ్రికా నుంచి నలుగురు వచ్చారు. ముగ్గురు మొదటి ఎండాకాలానికే హైదరాబాద్ కాలేజీలకు మారిపోయారు. ఒక్క లింబాని మిగిలాడు. వాళ్ల దేశం మలావి.

అతన్ని చూసుకునే పని నా మీద పడింది. నేనే ఎందుకని అడిగితే, మీరూ క్రిస్టియనే, అతనూ క్రిస్టియనే కదా అన్నారు ప్రిన్సిపల్. ఆ లెక్కన నేపాల్ దేశమంతా ప్రిన్సిపల్‌కు చుట్టాలు కావాలి. కానీ పై అధికారితో వాదించే అలవాటు నాకు లేదు. సరే అన్నాను.

అతని పేరు మా వాళ్లకు వారంలోనే అలవాటైపోయింది. మా వైపు లింబయ్యలు, లింబన్నలు వాడకొకరు ఉంటారు. లింబాని కూడా లింబన్న అయిపోయాడు. హాస్టల్ మెస్‌లో, జిరాక్స్ షాపులో, ఆటోస్టాండులో అదే పేరు.

మొదట్లో అతను పడ్డ తిప్పలు చూస్తే నవ్వు వచ్చేది, కొన్నిసార్లు సిగ్గు వేసేది. మన దగ్గర ఎదురుపడ్డ ప్రతివాడూ "తిన్నవా" అంటాడు. అది ఉత్త పలకరింపని మనకు తెలుసు. లింబాని నిజంగానే అడుగుతున్నారనుకుని, తినలేదని చెప్పి అక్కడే నిలబడేవాడు. అడిగినవాడు నోట్లో వెలక్కాయ పడ్డట్టు చూసి మెల్లగా జారుకునేవాడు.

ఒక్క పోశవ్వ మాత్రం ఆ జవాబు విని తన టిఫిన్ మూత తీసింది. పోశవ్వ మా ఆఫీసు ఊడ్చే ముసలామె, పక్క ఊరి నుంచి నడిచి వస్తుంది. ఆ రోజు ఆమె తెచ్చుకున్నది మక్క గటుక, పచ్చిపులుసు. లింబాని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని వెంటనే ఇంకో ముద్ద తీసుకున్నాడు. వాళ్ల ఇంట్లో రెండు పూటలా తినేది అదేనట, మొక్కజొన్న పిండి ఉడికించిన ముద్ద. పేరొక్కటే వేరు. అప్పటి నుంచి పోశవ్వ రెండు గిన్నెలు తేవడం మొదలుపెట్టింది. అతని తెలుగు కూడా ఆమె దగ్గర నేర్చుకున్నదే. క్లాసులో మాట్లాడితే పిల్లలు నవ్వేవాళ్లు, బజారులో మాట్లాడితే దుకాణాలవాళ్లు కుర్చీ వేసేవాళ్లు.

అందరూ అలా ఉండేవాళ్లు కాదు. అడగకుండా జుట్టు పట్టుకుని చూసేవాళ్లు, పక్కన నిలబడి ఫొటో తీసుకుని పేరు కూడా అడగకుండా పోయేవాళ్లు ఉండేవాళ్లు. బస్సులో అతని పక్క సీటు ఖాళీగా ఉన్నా కొందరు నిలబడే ప్రయాణం చేసేవాళ్లు. నల్లోడు అని వెక్కిరించినవాళ్లలో నాకంటే తెల్లటివాణ్ని నేను చూడలేదు, నేనేమో బొగ్గుబావుల జిల్లా మనిషిని. లింబాని ఎవరినీ ఒక్క మాట అనలేదు. పెద్దవాళ్ల ముందు నుంచి నడిచేటప్పుడు కాస్త వంగి నడిచేవాడు. ఏదైనా ఇస్తే కుడిచేత్తో తీసుకుంటూ ఎడమచేయి మోచేతికి ఆనించేవాడు. మర్యాద ఎరిగిన తల్లి కన్నది ఈ పిల్లగాణ్ని అనేది పోశవ్వ.

అతనికి ఎప్పటికీ అలవాటు కానిది తలుపుల సంగతి. మనం తలుపు తీసి ఉంటే నేరుగా లోపలికి పోతాం. మహా అయితే చెప్పులు విడుస్తాం. వాళ్ల దగ్గర అలా కాదట. తలుపు తీసే ఉన్నా సరే, బయట నిలబడి "ఓడీ" అనాలి. లోపలివాళ్లు "ఓడిని" అని పలకాలి. అప్పుడే గడప దాటాలి. పలకకపోతే ఇంకొన్నిసార్లు పిలవచ్చు, తర్వాత వెనక్కి పోవాలి. ఆ ఇంటివాళ్లు తప్ప వేరేవాళ్లు వాళ్ల తరఫున పలకకూడదు.

ఇది మాకు తెలియక ముందు ఒకసారి ప్రిన్సిపల్ రమ్మంటే పోయి, ఆయన గది బయట అరగంట ఎండలో నిలబడ్డాడు. తర్వాత నేను ఆ మాట నేర్చుకున్నాను. అతను నా ఆఫీసు గుమ్మంలో నిలబడి మెల్లగా, చివర కాస్త సాగదీసి, ఓడీ అనేవాడు. నేను ఫైలులోంచి తల ఎత్తకుండానే ఓడిని అనేవాణ్ని. రోజుకు మూడు నాలుగుసార్లు. మా క్లర్కులు నవ్వేవాళ్లు. నాకు మాత్రం అది బాగుండేది. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో నా గదిలోకి అనుమతి అడిగి వచ్చినవాడు అతనొక్కడే.

ఆదివారం నాతో పాటు పెద్దపల్లిలో మా చర్చికి వచ్చేవాడు. పాటల మాటలు తెలియకపోయినా రాగాలు చాలావరకు తెలుసు. వాళ్ల భాషలో పాడేవాడు. ఆరాధన అయ్యాక వాళ్లమ్మకు వీడియో కాల్ చేసేవాడు. ఆమె సంతలో కుట్టుమిషన్ పెట్టుకున్న దర్జీ. గొంతు కాస్త బొంగురు. నన్ను చూడగానే రెండు అరచేతులు దొప్పలా చేసి మెల్లగా చప్పట్లు కొట్టి, జికోమో అనేది. అంటే థాంక్స్. ఈ దేశంలో అతనికి నేనే తండ్రినని ఆమె అంటుందని లింబాని చెబితే నాకు గర్వంగా ఉండేది. తండ్రి అనిపించుకోవడం సులువు.

అతని రెండో ఏడాది ఆఖరు పరీక్షలప్పుడు జరిగింది ఇది. మా కాలేజీలో పరీక్షలంటే హాస్టల్ పిల్లల ఫోన్లన్నీ ఆఫీసులో అప్పగించాలి. చివరి పరీక్ష అయ్యాకే తిరిగి ఇస్తాం. ఆ రూలు పెట్టించింది నేనే. లింబాని ఫోన్ కూడా స్విచాఫ్ అయి నా టేబుల్ సొరుగులో ఉంది.

ఒక బుధవారం పొద్దున ఆఫీసు ల్యాండ్‌లైనుకు ఫోన్ వచ్చింది. లింబాని చెల్లెలు గ్రేస్. ఇంగ్లిషులో, చాలా నెమ్మదిగా మాట్లాడింది. అమ్మ తెల్లవారుజామున పోయిందని చెప్పింది. అన్న ఫోన్ కలవడం లేదని, అందుకే కాలేజీకి చేశానని చెప్పింది. ఖననం మర్నాడు పొద్దున పది గంటలకు, మనకు మధ్యాహ్నం ఒకటిన్నర. వాళ్ల ఇంటి పద్ధతిలో మట్టి వేసే ముందు పెద్దకొడుకు తల్లితో నాలుగు మాటలు చెప్పాలట. అతను రాలేడని వాళ్లకూ తెలుసు. అందుకని ఆ టైముకు ఈ నంబరుకు చేసి, ఫోన్‌ను సమాధి దగ్గర పట్టుకుంటామని చెప్పింది. అన్నను మీ పక్కన కూర్చోబెట్టుకోండి, ఈ రోజే చెప్పండి అని రెండుసార్లు అడిగింది. అలాగేనమ్మా అన్నాను.

ఫోన్ పెట్టేసి పరీక్షల టైంటేబుల్ తీసి చూశాను. లింబానికి ఇంకా మూడు పరీక్షలు ఉన్నాయి. మర్నాడు గురువారం రెండు గంటలకు ఒకటి, శనివారం ఒకటి, మంగళవారం ఒకటి. ఇప్పుడు చెబితే మూడూ పోతాయి. అక్కడికి పోలేడు, ఆమెను చూడలేడు. చెప్పి ఏం లాభం అనుకున్నాను.

మన దగ్గర చావు కబురు ఎవరూ ఉన్నదున్నట్టు చెప్పరు. పానం బాగలేదు, జర రమ్మంటున్నరు అంటారు. మా బాపు పోయినప్పుడు నేను భైంసాలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు రాసేవాణ్ని. సీరియస్‌గా ఉంది రమ్మని మాత్రమే చెప్పారు. నిర్మల్‌లో బస్సు మారి, బాపు కోసం ఆపిల్ పండ్లు కొనుక్కుని లక్సెట్టిపేటలో దిగాను. మా సందు మొదట్లో టెంటు, వరసగా కుర్చీలు చూశాక తెలిసింది. నాకు అప్పుడు ఎవరి మీదా కోపం రాలేదు. దారి పొడుగునా బాపు నాకు బతికే ఉన్నాడు కదా అనుకున్నాను. ఆ పండ్లు ఎవరు తిన్నారో గుర్తులేదు.

అదే మేలు లింబానికి చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. సాయంత్రం హాస్టల్‌కు వెళ్లి, మీ చెల్లెలు ఫోన్ చేసింది, అమ్మకు కొంచెం ఒంట్లో బాగాలేదట, కంగారు పడేదేం లేదు, పరీక్షలు మంచిగా రాయమన్నది అని చెప్పాను. చావు కబురు చల్లగా చెప్పడం అంటారు, నేను అది కూడా చెప్పలేదు. ఒకసారి మాట్లాడతాను, ఫోన్ ఇయ్యండి సార్ అని అడిగాడు. రూలు అన్నాను. తల వంచి సరే అన్నాడు.

గురువారం ఒకటీ ఇరవై అయింది. క్లర్కులు భోజనానికి పోయారు. నేను ల్యాండ్‌లైన్ రిసీవర్ ఎత్తి టేబుల్ మీద పక్కకు పెట్టాను. అది కాసేపు కుయ్ కుయ్ మని మూలిగి ఊరుకుంది. టిఫిన్ విప్పాను కానీ చెయ్యి పెట్టలేదు. పోశవ్వ వరండాలో స్తంభానికి ఆనుకుని తింటోంది. ఎండ తెల్లగా కాస్తోంది.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి ఓడీ అని వినిపించింది.

లింబాని అనుకుని అలవాటుగా నోరు తెరిచాను. తెరిచాక అది ఆడగొంతు అని తెలిసింది. కాస్త బొంగురుగా ఉంది. చివర సాగదీసిన తీరు మాత్రం అదే. తల ఎత్తి చూశాను. గుమ్మంలో ఎవరూ లేరు.

లేచి బయటికి వెళ్లాను. వరండా ఈ చివర నుంచి ఆ చివర వరకు ఖాళీ. పోశవ్వ చేతిలో ముద్ద అలాగే పట్టుకుని గుమ్మం వైపు చూస్తోంది.

"ఎవలో ఆడామె పిలుస్తుంది సారూ. మన లింబన్న లెక్కనే పిలుస్తుంది" అంది.

ఎవరూ లేరన్నాను. లోపలికి వచ్చి కూర్చున్నాను. ఇంకోసారి వినిపించింది. అరవడం కాదు, పిలవడమే. ఎవరింటికో వచ్చిన మనిషి ఇంటివాళ్లను ఇబ్బంది పెట్టకుండా పిలిచినట్టు. రెండు పిలుపుల మధ్య మర్యాదగా ఆగడం కూడా ఉంది. అలా నాలుగైదుసార్లు వినిపించింది. గోడ గడియారం చూశాను, ఒకటీ ముప్పై ఎనిమిది. ఒక్క మాట పలికితే సరిపోయేది. ఆ మాట నాకు వచ్చు. నేను పలకలేదు.

ఎందుకు పలకలేదని నన్ను ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. భయంతో కాదు. పలికితే ఆమె లోపలికి వస్తుంది, వస్తే టేబుల్ మీద పక్కకు పెట్టిన రిసీవర్ చూస్తుంది. దయ్యాలను నమ్మని మనిషికి ఆ నిమిషంలో వచ్చిన ఆలోచన ఇది.

శుక్రవారం అదే టైముకు మళ్లీ వినిపించింది. శనివారం కూడా. శుక్రవారం నేను క్లర్కులను ఏదో పని పేరుతో ఆఫీసులోనే ఉంచాను. వాళ్లకు ఏమీ వినిపించలేదు. పోశవ్వకు వినిపించింది. శనివారం ఆమె చీపురు పక్కన పెట్టి నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"ఎండల నిలవడ్డది సారూ ఎవలో. లోపటికి రమ్మనుండ్రి."

ఎవరూ లేరని చెప్పాను కదా అని కసిరాను.

"లేకుంటె నాకెట్ల ఇనవడుతుంది?" అంది. అని తన పని చూసుకుంది.

ఆదివారం చర్చిలో ప్రార్థన మనవులు చెప్పే సమయంలో లింబాని లేచి నిలబడ్డాడు. మా అవ్వకు పానం బాగలేదు, అందరు ప్రార్థన చెయ్యుండ్రి అన్నాడు. పోశవ్వ నేర్పిన తెలుగు. సంఘమంతా తలలు వంచింది. మా పాస్టరు అయ్యగారు ఆమె త్వరగా మంచం మీద నుంచి లేవాలని, కొడుకు చదువు పూర్తయ్యేదాకా నిండు ఆయుష్షు ఇవ్వాలని కన్నీళ్లతో ప్రార్థించారు. అప్పటికి ఆమెను మట్టిలో పెట్టి మూడు రోజులు. అందరితో పాటు నేనూ ఆమేన్ అన్నాను. నా జన్మలో అంత పెద్ద అబద్ధం ఆడలేదు, అదీ ఒక్క మాటలో.

సోమవారం వినిపించింది. మంగళవారం కూడా వినిపించింది కానీ గొంతు కాస్త దూరం నుంచి, మెట్ల దగ్గర నుంచి వచ్చినట్టు ఉంది. తర్వాత ఎప్పుడూ వినిపించలేదు.

మంగళవారం ఆఖరు పరీక్ష అయ్యాక అతన్ని ఇంటికి తీసుకువెళ్లాను. అయ్యగారిని కూడా రమ్మన్నాను. మన పద్ధతి ప్రకారం ముందు అన్నం పెట్టించాను. కబురు విన్నాక ఎవరూ తినలేరు కదా. మా ఆవిడ కోడికూర వండింది. అతను రెండుసార్లు వడ్డించుకున్నాడు, పరీక్షలు అయిపోయాయి కదా సార్, ఇప్పుడు ఫోన్ ఇస్తారా అని నవ్వుతూ అడిగాడు. చెయ్యి కడుక్కున్నాక అయ్యగారు చెప్పారు.

అతను ఏడవలేదు. మట్టిలో ఎప్పుడు పెట్టారు అని అడిగాడు. గురువారం ఒకటిన్నరకు అన్నాను.

"గప్పుడు నేను పరీక్ష హాలు మెట్ల మీద ఉన్న సార్" అన్నాడు. "అమ్మ గొంతు ఇనవడ్డది. ఎవరి తలుపు కాడనో ఓడీ అంటుంది. ఎవలు పలుకలే. నేను పలుకరాదు సార్, అది నా తలుపు కాదు."

ఆ తలుపు ఎవరిదో నాకు తెలుసని చెప్పలేదు. అయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేసి, దుఃఖంలో అలాగే అనిపిస్తుంది నాయనా అన్నారు. నేను కూడా అదే అనుకోవాలని చూశాను. పరీక్ష హాలు మా ఆఫీసుకు రెండు బ్లాకుల అవతల, మూడో అంతస్తులో ఉంటుంది. మా గుమ్మంలో ఎవరైనా గట్టిగా అరిచినా అక్కడికి వినబడదు. పోశవ్వ ఏమైనా చెప్పిందేమోనని మర్నాడు ఆమెను అడిగాను. ఆమె అతనికేమీ చెప్పలేదు, చెప్పడానికి అసలు విషయమే ఆమెకు తెలియదు. నేను అడగడంతో ఇప్పుడు తెలిసింది.

ఆమె చేతిలో చీపురు కిందపెట్టి నా వైపు చూసింది. "అయిదు పొద్దులు ఎండల నిలవెడితిరి సారూ ఆ తల్లిని" అంది. మెల్లగానే అంది. అప్పటి నుంచి ఆమె నా గది ఊడుస్తుంది, నాతో మాట్లాడదు.

ఆఫీసులో ఒక సీసీ కెమెరా ఉంది. నా టేబుల్, తలుపు, తలుపులోంచి కొంచెం వరండా అందులో పడతాయి. శబ్దం రాదు. ఎవరూ లేనప్పుడు గురువారం రికార్డింగు చూశాను. ఒకటీ ముప్పై నాలుగుకు నేను తల ఎత్తాను. అదే క్షణంలో వరండాలో పోశవ్వ చెయ్యి నోటి దగ్గర ఆగింది. ఇద్దరం ఒకే చోటుకు చూశాం. ఆ చోట గడప, ఎండ తప్ప ఏమీ లేవు. నాది అపరాధ భావన అనుకోవచ్చు. మరి పోశవ్వది ఏమిటి? ఆ రోజుకు ఆమెకు ఏమీ తెలియదు. గాజులమ్మే మనిషి రోడ్డు మీద అరిచిందేమో, పిల్లలెవరైనా ఆటపట్టించారేమో అని కూడా ఆలోచించాను. పిల్లల ఫోన్లన్నీ నా సొరుగులోనే ఉన్నాయి. ఆ మాట ఆ తీరులో అనడం మా జిల్లాలో ఇంకెవరికి వస్తుంది?

లింబాని చదువు మానేసి ఇంటికి పోతానన్నాడు. ఆపమని ప్రిన్సిపల్ నాకే చెప్పారు. నేను ఆపలేకపోయాను, ఆపే మొహం లేదు. వెళ్లే రోజు పొద్దున పాస్‌పోర్టు కాగితాల కోసం ఆఫీసుకు వచ్చాడు. అడుగుల చప్పుడు విని తల దించుకుని ఎదురుచూశాను. అతను గుమ్మంలో ఆగలేదు. పిలవలేదు. మనలాగే నేరుగా లోపలికి వచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డాడు. రెండేళ్లు ఎవరు చెప్పినా నేర్చుకోని పద్ధతి అది. కాగితాలు ఇచ్చాను. మోచేతికి ఎడమచేయి ఆనించి తీసుకున్నాడు. పోశవ్వ అతన్ని గేటు దాకా సాగనంపింది. నేను కుర్చీలోంచి లేవలేదు.

నెల తర్వాత పేపర్లు దిద్దుతున్న ఒక లెక్చరర్ నా దగ్గరికి వచ్చాడు. మా కాలేజీ పేపర్లు మా దగ్గరే దిద్దుతారు. చేతిలో లింబాని జవాబు పత్రం ఉంది, గురువారం నాటిది. మొదటి రెండు పేజీలు శుభ్రంగా ఇంగ్లిషులో ప్రశ్నలకు జవాబులు. మూడో పేజీ నుంచి చివరి దాకా ఏదో భాషలో ఒకే వాక్యం, గీత గీతకూ. ఇది ఏ భాష సార్, మార్కులు ఎలా వెయ్యను అని అడిగాడు. శనివారం, మంగళవారం పత్రాలు కూడా తెప్పించి చూశాను. వాటిలో ఇంగ్లిషు అసలే లేదు. మొత్తం ఆ వాక్యమే. ఏ మూడు పరీక్షల కోసం నేను నోరు మూసుకున్నానో ఆ మూడూ అలా అయ్యాయి.

అందులో అమాయి అన్న మాట ఒక్కటే నాకు తెలుసు, అంటే అమ్మ. మిగతాది ఫోన్‌లో అనువాదం చేసే దానిలో కొట్టి చూశాను. అమ్మా ఆగు, వాళ్లు పలుకుతారు అని వచ్చింది. చేతిరాత సరిగ్గా చదవలేకపోయానేమోనని మూడు పత్రాల నుంచి మూడుసార్లు కొట్టాను. మూడుసార్లూ అదే.

అమ్మకు బాగాలేదని నేనే చెప్పాను కాబట్టి దిగులుతో ఏదో రాశాడని అనుకోవచ్చు. నేను చాలా రోజులు అలా అనుకోవడానికి ప్రయత్నించాను. ఆ పత్రాల మీద ఇన్విజిలేటర్ సంతకం, తేదీ ఉన్నాయి. అప్పటికి అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత మరో రెండు నెలలకు గ్రేస్ ఫోన్ చేసింది. అన్న సర్టిఫికెట్లు పోస్టులో పంపమని అడగడానికి. ఎలా ఉన్నాడమ్మా అని అడిగాను. ఊరికి దూరంగా ఎవరో స్నేహితుడి దగ్గర ఉంటున్నాడని చెప్పింది. మేనమామలు అతన్ని ఇంటికి రానివ్వడం లేదట. మట్టి వేసే ముందు తల్లితో నాలుగు మాటలు చెప్పని కొడుకు అంటున్నారట.

"అన్న మాకు అంతా చెప్పాడు సార్" అంది. "మీరు ఆ బుధవారమే చెప్పారట. ఫోన్ దగ్గరికి రమ్మని బతిమాలారట. తనే భయపడ్డాడట. మోగకుండా రిసీవర్ తీసి టేబుల్ మీద పక్కన పెట్టింది కూడా తనేనట."

లైను కట్ అయిందనుకుని ఆమె హలో హలో అంది. వింటున్నానమ్మా అన్నాను.

"మీరు మీ వంతు చేశారు సార్. జికోమో" అంది.

పర్వాలేదమ్మా అన్నాను. నిజంగానే ఆ మాట అన్నాను.

రిసీవర్ పక్కన పెట్టిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకు కూడా. ఆ రికార్డింగు చూసింది నేనొక్కణ్నే. ఎంత చేసినా లైను ఎంగేజ్ వచ్చిందని వాళ్లు చెబితే అతనే ఊహించి ఉండవచ్చు. కానీ టేబుల్ మీద, పక్కన, అని ఎలా చెప్పాడో నాకు తెలియదు. ఆ గుమ్మంలో పిలిచింది ఎవరో, అది మెట్ల మీద ఉన్న అతనికి ఎలా వినబడిందో కూడా తెలియదు. దయ్యాలు లేవని ఇప్పటికీ అంటాను. ఇవి ఏమిటని మాత్రం నన్ను అడగవద్దు.

పెద్దవాణ్ని నలుగురిలో తప్పుపట్టడం వాళ్ల దగ్గర చాలా అమర్యాద అని లింబాని ఒకసారి చెప్పాడు. అందుకే అలా చేసి ఉంటాడు. గ్రేస్ నంబరు నా దగ్గర ఉంది. నిజం చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, వాళ్ల మేనమామలు అతన్ని ఇంట్లోకి రానిస్తారు. ఏడాది దాటింది. ఇంకా చెప్పలేదు.